దిగినవాళ్ల లాంజ్

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, గట్టిగా చెప్పుకునే కథ కాదిది.

"సారూ, కదలకండి. సూది గుచ్చుకుంటే నన్ననకండి," అంది ఇస్త్రీ అక్క.

కుర్చీలో కూర్చున్న సారు మెడ నిటారుగా పెట్టాడు. తొడుక్కున్న చొక్కా మీదే కాలరు గుండీని కాస్త లోపలికి జరిపి కుడుతోంది అక్క. మెడ సన్నబడిపోయింది మరి. గుండీ పాతచోటే ఉంటే కాలరు వేలాడి, ఎవరి చొక్కానో అడిగి తెచ్చుకున్నట్టుంటుంది.

వాళ్లున్నది విమానాశ్రయంలో సేదతీరే లాంజ్‌లో. అది విమానం ఎక్కబోయేవాళ్ల లాంజ్ కాదు, దిగి వచ్చినవాళ్ల కోసం కట్టింది. ఆఫీసు పనుల మీద తిరిగేవాళ్లు దిగీ దిగగానే స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని, కాఫీ తాగి నేరుగా మీటింగుకి వెళ్లొచ్చని కట్టినవాళ్ల ఆశ. వచ్చేవాళ్లుంటేగా! మెత్తటి సోఫాలు పొద్దస్తమానం ఖాళీ. తువ్వాళ్లు మడిచిన మడత మీదే ఉండేవి.

తప్పకుండా వచ్చేది ఈ సారు ఒక్కడే. నీళ్ల మోటార్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం. విమానం దిగగానే గోడ పట్టుకుని నడిచొచ్చి సోఫాలో వాలిపోయేవాడు. కాస్త తేరుకున్నాక, ఒంటికి పట్టిన మందుల వాసన వదిలేదాకా స్నానం చేసేవాడు. మోచేతి దగ్గర దూది పట్టీ కనబడకుండా పొడుగు చేతుల చొక్కా. చివరికి పెట్టె పట్టుకుని గదిలోనే అటూ ఇటూ నడిచి చూసుకునేవాడు.

"నడక ఎలా ఉందక్కా?"

"పెళ్లికొడుకు నడకలా ఉంది. ఆ భుజం కాస్త ఎత్తండి చాలు."

ఇంట్లో భార్యకి ఆయన చెప్పేది మోటార్లు అమ్మడానికి వెళ్తున్నానని. వెళ్లేది మాత్రం వేరే ఊళ్లో పెద్దాసుపత్రికి. సీసాల కొద్దీ మందు నరంలోకి ఎక్కించుకుని వచ్చేవాడు. ఆ సంగతి అక్కకొక్కదానికే చెప్పుకున్నాడు.

"ఇంకెన్నాళ్లు దాస్తారు సారూ? ఆవిడకి చెప్పేయొచ్చుగా?" అంది అక్క దారం తెంపుతూ.

"బయట కటకటాల దగ్గర నిలబడుంటుంది చూశావా? నన్ను చూడగానే మొహం నిండా నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే ఈ వేషమంతా. చెప్పాననుకో, ఇక అది మిగలదు. నువ్వు మాత్రం నోరు జారకక్కా."

"నా నోట్లోంచి రాదు లెండి."

అంతలో లాంజ్ మేనేజరు లోపలికొచ్చాడు. మంచి కుర్రాడే, కానీ మొహం వాడిపోయి ఉంది.

"పైవాళ్లు తేల్చమన్నారక్కా. ఆఫీసు పని మీద వచ్చేవాళ్లకి ఈ లాంజ్ కావాలా, అక్కర్లేదా అని. పొద్దుటినుంచీ దిగినవాళ్లనందరినీ అడుగుతున్నా."

"ఏమంటున్నారు?"

"'దిగాక కూడా ఇక్కడ పడుండటానికి నాకు ఇల్లూ వాకిలీ లేవనుకున్నావా?' అన్నాడొకాయన. 'మా ఇంట్లోనూ సబ్బుందిలే బాబూ' అన్నాడు ఇంకొకాయన. ఒకావిడైతే ఫోన్లోంచి తలే ఎత్తలేదు." సారు వైపు తిరిగాడు. "మీరే చెప్పాలి సార్. మీకిది ఎందుకు కావాలో ఒక్క గట్టి కారణం చెప్పండి. నేను పైవాళ్లతో పోట్లాడతా."

"మీటింగులు..." అన్నాడు సారు.

"ఆదివారం కూడానా సార్? మీరు ఇక్కణ్ణుంచి నేరుగా ఇంటికే వెళ్తారుగా."

సారు తల దించుకున్నాడు. నిజం చెబితే లాంజ్ నిలుస్తుంది, గుట్టు పోతుంది. చెప్పకపోతే ఇకనుంచి గోడ పట్టుకుని నడిచే ఆ మనిషిగానే ఆవిడ ముందుకెళ్లాలి.

"ఊరికే... అలవాటు."

"అలవాటంటే వాళ్లు ఒప్పుకోరు సార్." మేనేజరు నిట్టూర్చాడు. "పోనీ, బయట ఎదురుచూసేవాళ్లనీ ఓ మాట అడిగేసి తాళం వేయించేస్తా."

అంటూనే బయటికి నడిచాడు. అక్క సూది అక్కడే పడేసి వెనకాలే పరుగెత్తింది. సారు లేవబోయాడు గానీ, కాళ్లు లేవనిస్తేగా.

కటకటాల దగ్గర ఆవిడ ఉంది. తల నున్నగా దువ్వుకుని, రాబోయే మనిషి కోసం మొహం నిండా నవ్వు పెట్టుకుని ఉంది.

"మేడమ్, మీవారు విమానం దిగి చాలాసేపయింది, తెలుసా?" అన్నాడు మేనేజరు.

వద్దు వద్దని అక్క వెనకనుంచి చేతులూపింది. అతను చూస్తేగా!

"సామాను రావడం ఆలస్యమవుతుందంటారండీ ఎప్పుడూ," అంది ఆవిడ.

"సామానూ లేదు, ఏమీ లేదు. లోపల లాంజ్‌లో పడుకుంటారు. ప్రతిసారీ అంతే. మీరేమో ఇక్కడ కాళ్లు పీకేలా నిలబడతారు."

ఆవిడ నవ్వు చెదరలేదు.

"అందుకే ఆ లాంజ్ మూసేద్దామనుకుంటున్నాం. ఇకమీదట దిగగానే మీ ముందుంటారు. సంతోషమే కదా?"

అక్క కళ్లు గట్టిగా మూసుకుంది. అయిపోయింది, లోపల ఏం చేస్తున్నారని ఆవిడ నిలదీస్తుంది, సారు ఏమని చెప్తాడు పాపం, అనుకుంది.

ఆవిడ ముందుకొచ్చి మేనేజరు చెయ్యి పట్టుకుంది.

"మూయకండి బాబూ. మీకు దండం పెడతాను."

మేనేజరు తెల్లబోయాడు. "అదేంటమ్మా! ఎక్కి దిగేవాళ్లే వద్దంటున్నారు. బయట నిలబడే మీకెందుకమ్మా లాంజ్?"

ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. తలుపు వైపు చూసి, ఆయన ఇంకా రాలేదని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి జవాబు చెప్పింది.

కథంతా మరిచిపోయినా ఫర్లేదు తల్లీ, ఆ జవాబు మాత్రం గుర్తుంచుకో. రేపు నీ వాళ్లకి చెప్పేటప్పుడు మెల్లగా చెప్పు, ఆవిడ అన్నంత మెల్లగా.

"ఆ కాసేపే బాబూ, నేను ఏడ్చుకునేది."