మొదటి చుక్క

"ఆ తేనె సీసా లోపలికి రాదండి," అంది జ్ఞానమ్మ సిస్టరు, పురుళ్ల గది గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి.

సీసా పట్టుకున్నాయన రిటైర్డ్ హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. లోపల ఆరు నిమిషాల కిందట పాపని కన్న అనితకి మేనమామ. సీసాతో పాటు కాసు బంగారపు ఉంగరం కూడా తెచ్చారు. ఉంగరం తేనెలో ముంచి పసిబిడ్డ నాలిక మీద మొదటి చుక్క ఎవరు వేస్తే వాళ్ల బుద్ధులే బిడ్డకి వస్తాయని వాళ్లలో నమ్మకం. తన బుద్ధులు తనతో ఆగిపోకూడదని ఆయన పట్టుదల.

"మేస్టారూ, గంటలోపు తల్లి ముర్రుపాలు పడాలండి. ఇంకేమీ పడకూడదు. ఏడాది నిండేదాకా తేనె ఊసే ఎత్తకూడదు. అసలే పాప రెండు కేజీల వంద గ్రాములుంది."

"ముర్రుపాలా! పసుపుపచ్చగా, జిగురుగా... అవి పిండి పారబోసేవి కదమ్మా," అన్నారు అనిత తల్లి భవానీదేవి గారు. "ఇది మా అన్నయ్య చెయ్యండి. ముప్పై ఆరేళ్లలో ఒక్క రోజు సెలవు చీటీ రాయని చెయ్యి."

"మీ డాక్టరమ్మని పిలు," అన్నారు మేస్టారు శాంతంగా. "చిన్నప్పుడు ఎక్కాలు రాకపోతే ఆవిణ్ణి బెంచీ ఎక్కించేవాణ్ణి."

జ్ఞానమ్మ చేతులు కొంచెం దిగాయి. డాక్టరమ్మ ఈయన్ని చూస్తే ఇప్పటికీ లేచి నిలబడుతుంది. ఈయన అడిగితే కాదనలేదు. ఇక మిగిలింది యాభై నిమిషాలు.

సరిగ్గా అప్పుడే వరండాలోకి ఇంకో తేనె సీసా వచ్చింది.

అది అమ్మిరాజు గారి చేతిలో ఉంది. అనిత భర్తకి బాబాయి, పద్దెనిమిదేళ్లు కువైట్‌లో చేసి వచ్చినాయన. ఉంగరాలు ఆయన వేళ్లకే నాలుగున్నాయి. పక్కనే అనిత అత్తగారు సత్తెమ్మ గారు, ఓడలరేవు నుంచి ఆటోలో వచ్చిన అలుపుతో.

"ఆగండాగండి వదినగారూ! పిల్లది మా ఇంటిపేరు. మొదటి చుక్క మా మరిదిదండి," అన్నారు సత్తెమ్మ గారు.

"అయ్యో, మరిదిగారంటే మాకెంత గౌరవమండీ," అన్నారు భవానీదేవి గారు. "కాపోతే వస్తానని చెప్పి రాకపోవడం వారికి అలవాటు కదండీ. ఆడపిల్లకి ఆ గుణం ఎందుకని."

"ఆయ్," అన్నారు సత్తెమ్మ గారు. "మీ అన్నయ్యగారు మాత్రం దేవుడండి. నిశ్చితార్థం నాడు ఒక్క పూతరేకు నాలుగు ముక్కలు చేసి నలుగురికి పంచేరు. అంతటి దేవుడు."

"షుగరు ఉన్నవాళ్లు ఉంటారని ఆలోచించేనండి," అన్నారు మేస్టారు.

"ఆయ్, ఉప్మా కూడా అందుకే తగ్గించేరేమోనండి," అన్నారు అమ్మిరాజు గారు.

ఒక్కరూ గొంతు పెంచలేదు. ఒక్కరూ 'అండీ' వదల్లేదు. జ్ఞానమ్మ మెల్లిగా వెనక్కి జరిగి తలుపు మూసేసింది.

లోపల అనిత గుండెల మీద, తువ్వాలు కింద, పాప హాయిగా నిద్రపోతోంది. జ్ఞానమ్మ దాని అరికాలు గోకింది. పాప మూతి ముడిచింది, మళ్లీ పడుకుంది. వీపు నిమిరింది. పాప ఆవలించింది. గోడ గడియారంలో ముప్పై నిమిషాలయ్యాయి.

"నోరు పెద్దగా తెరిచినప్పుడు దగ్గరికి లాక్కో తల్లీ. కంగారు పడకు."

బయట ఒకరి వాళ్లలో ఒకరు లోపాలు ఎంచుతూ గురక దగ్గరికి వచ్చారు, గురకలోంచి మతిమరుపులోకి వెళ్లారు. నలభై నిమిషాలు. పాప ఒకసారి నోరు తెరిచింది, అందుకుంది, వదిలేసింది. జ్ఞానమ్మకి చెమటలు పట్టాయి.

నలభై ఐదో నిమిషంలో తలుపు చప్పుడైంది. అనిత భర్త నాగసతీష్ తల లోపలికి పెట్టాడు. అంతవరకూ అతను బెంచీ మీద కూర్చుని ఇరుపక్షాలకీ "ఆయ్" అంటున్నాడు.

"సిస్టరుగారూ, నాకో ఆలోచన వచ్చిందండి. ఇద్దరి ఉంగరాలూ ఒకే గిన్నెలో ముంచి..."

జ్ఞానమ్మ గబుక్కున తలుపు వైపు నడిచింది. రాజీ ఆలోచన! ఇంతసేపు రానిది ఇప్పుడొచ్చింది!

"నోర్ముయ్యరా!" అన్నారు సత్తెమ్మ గారు.

"రెండు బుద్ధులూ కలిస్తే ఎటూ తేలకుండా మీలా తయారవుతుంది అల్లుడుగారూ," అన్నారు భవానీదేవి గారు.

"అదండీ వదినగారూ!" అన్నారు సత్తెమ్మ గారు. పెళ్లయ్యాక ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అదే. నాగసతీష్ తల తీసుకుని బెంచీ మీదకి వెళ్లిపోయాడు. పోట్లాట మళ్లీ పూతరేకు దగ్గర్నుంచి మొదలైంది.

యాభై మూడో నిమిషంలో పాప కళ్లు తెరిచింది. నోరు బారుగా తెరిచింది. అనిత లాక్కుంది. చిన్న దవడ కదిలింది. ఒకసారి. రెండోసారి. గుటక చప్పుడు వినపడింది.

"తాగుతోంది! అమ్మా, తాగుతోంది!" ఇరవై ఏడేళ్ల సర్వీసున్న జ్ఞానమ్మ చిన్నపిల్లలా గెంతింది. తర్వాత స్టూలు మీద కూలబడి చెమట తుడుచుకుంది. "బతికేం తల్లీ. మేస్టారు ఒక్కరే వచ్చుంటే నా వల్ల అయ్యేది కాదు. సమయానికి ఆ రెండో ఆయన్ని దేవుడే పంపించేడు."

"దేవుడు కాదండి," అంది అనిత, పాప తల మీంచి చూపు తిప్పకుండా. "నొప్పులు మొదలవగానే నేనే ఫోన్ చేసి, మొదటి చుక్క మీ చేత్తోనే వెయ్యాలని ఇద్దరికీ విడివిడిగా చెప్పేనండి."