నడిచిందంట!

“ఈ రోజు గూడా నడిచిందమ్మే!” అంటూ కామాక్షయ్య మనవరాలిని ఎత్తుకొని వచ్చేసరికి కోడలు ధనలక్ష్మికి ఒళ్లు మండిపోయింది.

“రోజూ ఇదే మాట చెప్తావు మామా. ఏదీ, నా కళ్ల ముందర నడిపించు, చూస్తా.”

ముసలాయన వాణిని వాకిట్లో నిలబెట్టి వేలు వదిలాడు. ఏడాదిన్నర పిల్ల. ఒక కాలు ఎత్తిందో లేదో, ఎవరో తోసినట్టు పక్కకు ఒరిగి దబ్బున కూలబడింది. మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ కూలబడింది. పడ్డప్పుడల్లా నేల వంక వింతగా చూసి కిలకిలా నవ్వింది.

“నడిచిందిలే, నీ కలలో!” అంది పక్కింటి ఎలిశబెతు గోడ మీంచి. “పిల్లను నడుం దాకా ఇసకలో పాతి నిలబెట్టు ధనా. కాళ్లకు బలమొస్తాది.”

“ఇసకా వద్దు, గిసకా వద్దు. రేపు నెల్లూరు ఆసుపత్రికి తీసకపోతా.”

బిడ్డ కాళ్లలో ఏం లోపముందోనని ధనలక్ష్మికి కొన్నాళ్లుగా ముద్ద దిగడం లేదు.

“ఆసుపత్రి ఎందుకమ్మే! నా దగ్గర నడస్తాది,” అని గొణిగాడు కామాక్షయ్య. ఎవరూ వినిపించుకోలేదు.

మర్నాడు ధనలక్ష్మి చేపలు ఆరబెట్టే పని ముగించుకొని ఆటో పిలుచుకొచ్చింది. ఇంట్లో పిల్ల లేదు. అలవాటు కొద్దీ తాత వెంటబెట్టుకు పోయాడు. ఆటోను రేవు వైపు తిప్పించింది.

ఒడ్డున కట్టేసిన పడవలో కూర్చొని కామాక్షయ్య వల బాగుచేస్తున్నాడు. అలలకు పడవ ఊయలలా ఊగుతోంది. అందులో ఈ కొస నుంచి ఆ కొసకు, వల తేలడానికి కట్టే బెండొకటి చంకన పెట్టుకొని, వాణి నడుస్తోంది! నడుముకు కట్టిన తాడు కొస తాత కాలికుంది. పడవ ఎటు వంగితే అటు ఆ చిన్ని పాదాలు వాటంతటవే సర్దుకుంటున్నాయి.

“చూడమ్మే! దీనికి నడక ఇక్కడే వచ్చె. నేల గూడా ఊగుతాదనుకోని ఒరిగిపోతుండాది, అంతే!”

“పడతావే నా తల్లీ!” అంటూ ధనలక్ష్మి ఒక్క ఉదుటున పడవలోకి దూకింది. పడవ ఊగింది. ఆమె వలల మధ్య చతికిలబడింది.

వాణి బెండు పక్కన పెట్టి, తిన్నగా నడిచొచ్చి, పట్టుకొని నడవమన్నట్టు అమ్మకు తన వేలందించింది.