పదణాల దోర

"చెప్పవ్వా, ఇది ఎన్నణాల పండు?"

రేవతి తోతాపురి కాయ తెచ్చి చేతిలో పెట్టింది. సుభాన్‌బీ తొడిమ దగ్గర వాసన చూసి, బొటనవేలితో మెల్లగా నొక్కింది.

"ఎనిమిదణాలు."

"పోయిన ఆదివారం ఇట్లాంటిదాన్నే పన్నెండంటివే!"

"అంటినా? అయితే నడుమన పదేసుకో, పీడా పోతాది."

చిత్తూరు మామిడి మండీలో ఏళ్ల తరబడి కాయలు ఏరిన చెయ్యి అది. దానికి తప్పు రాదు. తప్పంతా నోటిదే, అదీ కావాలని చేసిందే.

పోయిన ఎండాకాలం తిరుపతి బస్సు దిగి వచ్చిందీ పిల్ల. చదువు కోసం కాయలు ఏరే మిషను చేస్తోందట. ఆ మిషనుకు కాయా, పండూ రెండే తెలుసట. నడుమనుండే దోర తెలియదట. సున్నాకూ ఒకటికీ మధ్య ఎంత పండిందో దానికి నేర్పాలట. "నీ సున్నాలు నాకు తెలీవు పాపా. పచ్చిదానికి ఏమీ లేదు, బాగా మాగిందానికి పదారణాలు. నడిమివి చెప్తా, రాసుకో" అంది సుభాన్‌బీ.

ఒక్క పూటలో చెప్పేసేదే. చెప్పేస్తే పిల్ల మళ్లీ ఎందుకొస్తుంది? మొగుడు పోయి, మోకాళ్లు పోయి, మండీ ఆడవాళ్ల కబుర్లూ పోయి, గోడతో మాట్లాడుకునే ఇల్లాయె. అందుకే వారానికో మాట చెప్పింది. మామిళ్లు లేని రోజుల్లో పిల్ల జామకాయలు తెచ్చి అడిగితే, వాటికీ అంతే.

మొదట్లో రేవతి ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని టకటకా కొట్టేది. ఇప్పుడు బరువని తేవడం లేదు.

"ఆదివారం పూట హాస్టల్లో పడుకోకుండా ఈ బస్సుల్లో ఏం పాట్లే నీకు?" అన్నం వడ్డిస్తూ అడిగింది సుభాన్‌బీ.

"అందరూ ఊళ్లకు పోతారవ్వా. ఖాళీ మంచాలు చూస్తా కూసోనా? నాయన పోయినంక నాకు ఊరేడ ఉండాది?"

"సదువు యాడికొచ్చినాది?"

రేవతి కంచంలోకి చూస్తూ ముద్ద కలిపింది. "జరగతా ఉండాది. సారు ఇంకా సరిగ్గా రాలేదంటాడు."

సుభాన్‌బీ గరిటె పక్కన పెట్టేసింది. తన అబద్ధాలకు ఈ బిడ్డ చదువు ఆగిపోయిందే! మోకాళ్ల నొప్పి మరిచి లేచి బుట్టలోని కాయలన్నీ నేల మీద పేర్చింది.

"ఈ పొద్దు నా చెయ్యి బాగా ఆడతాంది. రాసుకో. ఇది నాలుగణాలు. ఇది పది, అసలైన దోర. ఇది పద్నాలుగు..." చివరి కాయను చేతిలోనే ఉంచుకుంది. "అంతే పాపా. ఇంక మీ సారు ఏమీ అనడు. నువ్వు ఎండలో రావాల్సిన పనీ లేదు."

రేవతి సెల్లులో ఏదో నొక్కింది. కాయలన్నీ మళ్లీ బుట్టలో సర్ది, బస్సుకు వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం సుభాన్‌బీ ఒక్కదానికే అని పిడికెడు బియ్యం కడుగుతుంటే తలుపు చప్పుడయింది.

"అవ్వా, సెల్లులో అంతా చెరిగిపోయినాది! మళ్లా మొదట్నించీ చెప్పల్ల."

"నీ సెల్లు పాడుగాను!" అంటూనే సుభాన్‌బీ ఇంకో పిడికెడు బియ్యం పోసింది.

రేవతి చదువు పోయిన చలికాలంలోనే అయిపోయింది.