కాపలా లేని బూజు

"అక్కా, తిట్టకండి. మీ బూజు పెరిగే ప్లేటులోకి బాక్టీరియా దూరింది," అంది ల్యాబులో కొత్తగా చేరిన జూనియర్.

వేరే ఊళ్లో ఉద్యోగానికి బయల్దేరుతున్న సీనియర్ బ్యాగు దించేసింది. "నేనింకా గుమ్మమైనా దాటలేదు! వారం నుంచీ 'మూత జాగ్రత్త' అంటూనే ఉన్నానా? ఇందుకే తల్లీ, నీకు ఈ బూజులు దాచిన ఫ్రిజ్ తాళం ఇవ్వబుద్ధి కావట్లేదు."

ప్లేటును వెలుగుకు పట్టి చూసింది. బూజు చుట్టూ బాక్టీరియా చచ్చి, ఖాళీ వలయం అద్దంలా మెరుస్తోంది.

"బాక్టీరియాను చంపే ప్రోటీన్ వదిలినట్టుంది ఈ బూజు! ఇన్నేళ్లు కంటికి రెప్పలా పెంచితే నాకు ఒక్క చుక్కా ఇవ్వలేదే!"

"శత్రువును దరిదాపులకు రానిస్తేగా అక్కా!"

సీనియర్ పకపకా నవ్వింది. "నిజమే. నేను కాపలా ఉంటే అది కత్తెందుకు దూస్తుంది?"

తాళం జూనియర్ చేతిలో పెట్టి, బ్యాగు భుజాన వేసుకుంది.

"వెళ్లొస్తా," అంది. మూత సంగతి ఎత్తలేదు.