చప్పట్లకు దిగే లైటు

పొద్దంతా మబ్బు పట్టే ఉంది. బూర్గంపాడు రైతులు పత్తి తొందరగా ఏరి, చీకటి పడేసరికి నాటకానికి వచ్చి కూర్చున్నారు. నిరుడు సభ అధ్యక్షుడు వెంకటరామారావు గారి ఉపన్యాసం అయ్యేలోగా వాన వచ్చి నాటకమే ఆగిపోయింది.

ఈసారి స్టేజీ లైట్లను ఏఐ నడుపుతోంది. దానికి పని చెప్పేది ఊరి అమ్మాయి చాంది.

రామారావు గారు తన తాత గురించి మొదలుపెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. లైటు మెల్లగా దిగి చీకటైంది.

"ఏంది చాంది ఇది?" అని మైకులోనే అడిగారు.

"సీన్ అయిపోయిందనుకుంది సార్. చప్పట్లు పడితే గట్లనే దించుతది."

లైటు వచ్చింది. ఆయన తండ్రి గురించి ఎత్తుకున్నారు. చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. మళ్లీ చీకటి.

"కొట్టొద్దని చెప్పమంటరా సార్?"

"వద్దులే అమ్మా. జనం అభిమానాన్ని ఆపలేం గదా," అంటూ ఆయన సంతోషంగా ముగించారు.

నాటకంలో చాలాసార్లు చప్పట్లు పడ్డాయి. లైటు ఒక్కసారీ దిగలేదు. అధ్యక్షుడు మాట్లాడేటప్పుడు మాత్రమే దించమని చాంది పొద్దున్నే ఏఐకి చెప్పింది. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో ఊరి జనానికీ చెప్పింది.

రామారావు గారు ఏడింటికే కారెక్కి వెళ్లిపోయారు. జనం నాటకం మొత్తం చూసి, వానకు ముందే ఇళ్లకు పోయారు.