గడప లోపలి నడక

గడప దాటిన మూడో అడుగుకే రాజమల్లు వెల్లకిలా పడ్డాడు. తల ఇనుప బీరువాకు తగిలింది. కొత్తగా పెట్టించిన ప్లాస్టిక్ కాలు గాల్లోకి లేచి స్టూలు మీది గిన్నెల్ని కింద పడేసింది.

"పొద్దుగాల్నే ఏస్కొచ్చిండు," అంది కోడలు రుతుజ, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా.

"తాగలేదు బిడ్డా. కావాల్నంటే వాసన చూడు."

"నేనెందుకు చూస్త? ఫాక్‌లాండ్ రోడ్డు పొడుగూతా నిటారుగ నడుస్తవు. మూడంతస్తులు ఎక్కొస్తవు. ఇంట్లకు రాంగనే పడ్తవు. నాటకం గాకపోతే ఏంది మామా?"

ఆమె అన్నది నిజం. బయట ఎక్కడా పడలేదు. పడ్డదల్లా ఈ ముంబయి ఖోలీలోనే, ఈ గది నాలుగు గోడల మధ్యే.

కొడుకు అనికేత్ పరుగున వచ్చాడు. చంకల కింద చేతులేసి లేపాడు. మంచం మీద కూర్చోబెట్టి వీపు నిమిరాడు.

"ఈ బండలు నీకు పడవు నాయినా. ఊర్లె మట్టి నేల. పడ్డా దెబ్బ తగల్దు. ఆదివారం పాలమూరు బస్సుకు టికెట్ తీసిన."

"ఆడ నాకు నీళ్లిచ్చేటోళ్లు ఎవరున్నర్రా?"

"అలవాటైతది."

మర్నాడు అనికేత్ డ్యూటీకి పోగానే రుతుజ మామను నాగ్‌పాడాకు, అతను దగ్గరుండి ఆ కాలు పెట్టించిన చోటికి తీసుకుపోయింది. కాలు మీద అనుమానంతో కాదు. తాగుడు బయటపెట్టాలని. ఆ పూట కాళ్లు బిగించే పనిలో శీతల్ అనే కొత్తమ్మాయి ఉంది. రాజమల్లును గది ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించింది. మలిపింది. భుజం పట్టి నెట్టి చూసింది. గుంజలా నిలబడ్డాడు.

"చూసినవా? ఇంట్లనే పడతడు," అంది రుతుజ.

శీతల్ అతని పాదాల వంక చూసింది. "ఇంట్లో కూడా ఈ బూట్లతోనే తిరుగుతాడా?"

"దేవుడున్న ఇంట్ల బూట్లా? గడప దగ్గరనే విప్పుతడు."

"ఒకసారి విప్పు కాకా."

బూట్లు విప్పి రెండడుగులు వేశాడో లేదో రాజమల్లు వెనక్కి ఒరిగాడు. శీతల్ పట్టుకుంది.

"బూటు మడమ ఎత్తు చూసుకొని ఈ కాలు బిగిస్తారు. బూటు తీస్తే ఆ కాలే మనిషిని వెనక్కి తోస్తుంది. తప్పు ఈయనది కాదు. ఇంట్లో వేసుకోడానికి ఇంతే మడమున్న జత ఇంకోటి పెట్టండి."

రుతుజ మామను వెంటబెట్టుకొని తిరిగొచ్చింది. తాముండే మూడంతస్తుల చాల్ మెట్ల దగ్గర ఆగింది.

"నన్ను నాలుగు తిట్టు మామా."

"ఎందుకు? టికెట్ వాపస్ చెయ్యమని వానికి చెప్పు. చాలు."

బూట్లను ఆమె చేత్తోనే సబ్బు పెట్టి కడిగింది. తుడిచి, గడప లోపలే మామ కాళ్లకు తొడిగింది. రాజమల్లు గోడ పట్టుకోకుండా పొయ్యి దాకా పోయాడు, తిరిగొచ్చాడు. మళ్లీ పోయాడు. పిచ్చోడిలా నవ్వుకున్నాడు.

సాయంత్రం అనికేత్ వచ్చాడు. నడిమింట్లో నిలబడ్డ తండ్రిని చూశాడు. కాళ్లకున్న బూట్లను చూశాడు.

"బూట్ల సంగతి నీగ్గూడ చెప్పిన్రా, నాయినా?" అన్నాడు.