సున్నా మార్కులు

"ఎన్నిసార్లు చెప్పాలి పెద్దాయనా, పనివేళలో కూర్చోవద్దని?"

డాక్టరమ్మ కుందేళ్ల గదిలోకి అడుగు పెట్టగానే, బోనులు కడిగే ముసలాయన స్టూలు మీంచి లేచి నవ్వాడు.

ఆపరేషన్ అయిన కుందేళ్లకు కొత్త మందు నొప్పిని ఎంతవరకు తగ్గిస్తోందో కొలవడం ఆమె పని. బోను ముందు నిలబడి కళ్లు, బుగ్గలు, చెవులు చూసి మార్కులు వేయాలి. నొప్పి లేకపోతే సున్నా, ఎక్కువగా ఉంటే రెండు.

"సున్నా, సున్నా, సున్నా..." అంటూ రాసుకుంది. మందు భేషుగ్గా పనిచేస్తోంది.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మూడో బోనులోది బాధ పడుతోంది."

"చెవులు నిక్కబొడుచుకుని నన్నే చూస్తోంది కదయ్యా!"

"మీరున్నారు కాబట్టి. నేనంటే దానికి అలవాటు, వేరే మనిషి అలికిడైతే నొప్పి దిగమింగుకుంటుంది. మీరు వెళ్లాక చూడాలి."

"ఓహో, నీ చెవిలో చెప్పిందా?"

ఆయన నవ్వేశాడు.

"అది సరే, ఈ మధ్య చిక్కిపోయావేం? ఒంట్లో బాగుంటోందా?"

"నాకేమమ్మా! గుండ్రాయిలా ఉన్నాను."

గుండ్రాయిలాంటి మనిషికి రోజూ స్టూలెందుకట! ఆమెకు ఒళ్లు మండింది. సూపర్‌వైజర్ చెవిన ఒక్క మాట వేసింది. మర్నాటి నుంచి ఆయన రాలేదు.

పది రోజులకు రిపోర్టు పంపాల్సిన రోజు వచ్చింది. ఆమె సంతకం పెడితే, ఆపరేషన్ అయిన ప్రతి కుందేలుకీ ఇక ఇదే మోతాదు. పెన్ను తీసిందే గాని, ముసలాయన మాట ముల్లులా గుచ్చుకుంటోంది. గోడకున్న కెమెరా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, చూసే తీరికే ఎవరికీ లేదు. ఆయన ఆ మాట అన్న రోజు రికార్డు పెట్టి చూసింది.

తెర మీద తాను మార్కులు వేసి బయటికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

మూడో బోనులో కుందేలు చెవులు వాల్చేసింది. ఒళ్లు ముడుచుకుని, కళ్లు సగం మూసింది.

ఆమెకు సిగ్గేసింది. సున్నాలన్నీ కొట్టేసి, మోతాదు చాలడం లేదని రాసింది. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసింది.

"పెద్దాయన్ని వెంటనే పిలిపించండి. క్షమించమని అడగాలి."

"మీకు తెలీదా మేడమ్? మొన్న పోయాడు."

ఆమె ఫోన్ పెట్టేసి తెర వైపు చూసింది. రికార్డు ఇంకా నడుస్తోంది.

తెర మీద, ఆమె వెళ్లేదాకా నవ్వుతూ నిలబడ్డ ముసలాయన, బోను పక్కన స్టూలు మీద కడుపు పట్టుకుని మెల్లగా ముడుచుకుపోయి, ఆ కుందేలులాగే కళ్లు సగం మూసుకున్నాడు.